దురద తగ్గుట రోగము తగ్గుట కాదు

శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో చర్మవ్యాధుల పూతమందులను గూర్చి జనసామాన్యమున వేళ్ళూనిన అభిప్రాయమొకటి కలదు. ఒంటిమీద దురద పుట్టినచో, అది తామర యైనను, గజ్జి యైనను, చెమటకాయ యైనను, పొలముగట్టున ఏదో ఆకు తగిలి లేచిన పొక్కు యైనను, మందుల షాపునకు పోయి 'దురదకు ట్యూబు' అని అడిగి తెచ్చుకొనుటయే చికిత్స యనియు, నాలుగు పూటలు రాయుసరికి దురద శమించినచో ఆ ట్యూబు మంచిదనియు, శమింపనిచో వేరొకటి మార్చవలెననియు, లోపలి పదార్థము మలామువలె జిడ్డుగా నున్నదా, క్రీమువలె తెల్లగా నున్నదా, లోషన్ వలె నీళ్ళగా నున్నదా యను విచారము పనిలేనివారి విచారమనియు ఆ అభిప్రాయముయొక్క సారము. చదువుకొన్నవారు, చదువుకొననివారు అను భేదము దీనికి లేదు. కళాశాలలో రసాయనశాస్త్రము బోధించు మిత్రుడొకడు తన మెడమీది మచ్చకు భార్య మడమపగులునకు వాడగా మిగిలిన ట్యూబును రాచుకొనుట నేనెరుగుదును. ఈ అభిప్రాయములో కొంత దిద్దుకొనవలసినది కలదని చెప్పి ఊరకుండుట నాకు చాలదు. ఇది మొదటినుండి తుదివరకు తప్పనియు, దీనివలన మన ప్రాంతమున వేలకొలది జనుల చర్మము చెడుచున్నదనియు నేను వాదింపదలచితిని.

ఈ అభిప్రాయమునకు గల బలము ప్రత్యక్షానుభవము. 'రాసితిని, తగ్గినది' అను మాటకు ఎదురు చెప్పుట కష్టము. తార్కికులు ప్రత్యక్షమును ప్రమాణములలో మొదటిదిగా నెంచిరి గనుక దానిని తేలికగా త్రోసిపుచ్చుట న్యాయము కాదు. అయితే ప్రత్యక్షమును ఎంతవరకు చూచితిమన్న ప్రశ్న యొకటి మిగిలియున్నది. మూడవ దినమున చూచి కన్నులు మూసికొన్నవానికి ముప్పదవ దినమున జరిగినది ప్రత్యక్షము కాదు గదా!

గోనెసంచుల మిల్లులో చిరకాలము పనిచేసి విరమించిన పెద్దమనిషి యొకడు ఒకనాటి సాయంకాలము విజయనగరములో ఒక మందుల షాపు అరుగుమీద నా ప్రక్కన కూర్చుండి, ఖాళీయైన ట్యూబును వ్రేళ్ళ మధ్య నలుపుచు, తన కథ చెప్పెను. "మూడు దినాల్లో తగ్గిపోనాది బావూ. రాయడం మానేస్తే మల్లీ ఒచ్చేసినాది. ఈసారి పెద్దదొచ్చినాది. మల్లీ రాసినాను, తగ్గినాది. ఇప్పుడు నడుం సుట్టూ ఉంది." పంచె కొద్దిగా జార్చి చూపెను. తామర యనగానే మనకు స్ఫురించు గుండ్రని వలయము, ఎఱ్ఱగా ఉబ్బిన అంచు, నడుమ తేరుకొన్న చర్మము అక్కడ లేవు. వలయములో మరియొక వలయము, దానిలో ఇంకొకటి, అంచులు చెరిగిపోయి చెల్లాచెదరైన గోధుమవన్నె మచ్చ, దానికి దిగువను గజ్జలలో గర్భిణీస్త్రీల పొట్టమీద కనబడునట్టి తెల్లని చారలు. ఆ చారలు ఇక పోవు. ఆయన రాచుకొన్నది ఒక సంవత్సరము. ఆ గుర్తులు ఆయుర్దాయము ముగియువరకు ఉండును. 'తగ్గినాది' అని ఆయన రెండు మారులు పలికిన మాట ప్రతిపక్షమువారికి సాక్ష్యమైనచో, 'మల్లీ ఒచ్చేసినాది' అని ఆ నోటనే వెలువడిన మాట నాకు సాక్ష్యము.

జరిగినదేమి? తామరను కలిగించు శిలీంధ్రము చర్మపు పైపొరలోని కెరటిన్ అను నిర్జీవపదార్థమును తిని బ్రతుకును. ఎఱ్ఱదనము, వాపు, దురద అన్నవి దేహము దానితో చేయు పోరాటమునకు బాహ్యచిహ్నములు. ఆ ట్యూబులో నున్నది స్టెరాయిడు. అది శిలీంధ్రమును చంపదు. దేహముయొక్క పోరాటమును ఆపును. పోరాటము ఆగినది గనుక దురద ఆగును, ఎఱ్ఱదనము మాయమగును, రోగి సంతోషించును. అడ్డులేని శిలీంధ్రము ఆ సంతోషపు చాటున ప్రక్కలకు ప్రాకును. ఊరికి దొంగలు పడినపుడు కుక్కల మొఱుగుడు నిదురకు భంగమని కుక్కలకు మత్తుపెట్టినట్టి చికిత్స యిది. స్టెరాయిడుపై నాకు ద్వేషము లేదని ఇక్కడనే చెప్పుట మంచిది. 1952లో సల్జ్‌బర్గర్, విటెన్ అను అమెరికా వైద్యులు హైడ్రోకార్టిసోనును పైపూతగా వాడి ఫలితములు ప్రకటించిననాడు, ఎగ్జిమాతో రాత్రులు గోళ్ళతో గీరుకొనుచు నిద్రలేక గడుపు అసంఖ్యాక జనులకు మొదటిసారిగా ఊరట దొరికినది. చర్మవైద్యమున అంతటి వరము మరియొకటి అరుదు. కాని తరువాతి దశాబ్దములలో దానికి తోబుట్టువులుగా వచ్చిన క్లోబెటసాల్ వంటివి మొదటిదానికంటె ఎన్నో రెట్లు తీక్ష్ణములు. వాటిని రెండు వారములకు మించి వాడరాదనియు, వారమునకు 50 గ్రాములు దాటరాదనియు తయారుచేయువారే చెప్పుదురు. మన షాపులలో 'దురదకు ట్యూబు' అని అడిగినవాని చేతిలో పడునది తరచుగా ఆ తీక్ష్ణజాతికి చెందినదే.

దీనికి ప్రతిపక్షమువారు సిద్ధముగా నుంచుకొన్న సమాధాన మొకటి కలదు. 'ఆ ట్యూబులో స్టెరాయిడు ఒక్కటియే కాదు. తామరను చంపునది కలదు, చీమును ఆపునది కలదు. రోగమేదైనను మూడింట ఏదో ఒకటి తగులక పోదు' అని. ఈ వాదము వినుటకు ఎంత ఇంపుగా నున్నదో లోన అంత బోలుగా నున్నది. ఒక చేత కలుపు తీయుచు రెండవ చేత ఆ కలుపునకే ఎరువు వేయు రైతును మనమేమందుము? శిలీంధ్రనాశకము శిలీంధ్రమును సగము చంపును. స్టెరాయిడు మిగిలిన సగమునకు ఆశ్రయమిచ్చును. రోగి దురద తగ్గగానే మానును గనుక ఆ సగమునకు పెరుగుటకు వలసిన వ్యవధియు దొరకును. ఇక చీమును ఆపు ఔషధము చీము లేనిచోట సూక్ష్మజీవులకు దానిని సహించు విద్య నేర్పుటకే పనికివచ్చును. ఈ సంగతి ప్రభుత్వమునకు తెలియక పోలేదు. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ పదునాలుగు స్టెరాయిడు పూతమందులను వైద్యుని చీటీ లేక అమ్మరాదని షెడ్యూల్ హెచ్ లో చేర్చినది. ఆ యేడు సెప్టెంబరులో 328 మిశ్రమౌషధములను నిషేధించినపుడు వాటిలో ఇట్టి చర్మలేపనములును కొన్ని యుండెను. చట్టము వచ్చినది, అలవాటు పోలేదు. ఒక మిశ్రమము పోయినచోట పేరు మార్చుకొని ఇంకొక మిశ్రమము నిలిచినది.

ఇంతలో తామర తానే మారిపోయినది. మామూలు మందులకు లొంగని కొత్తరకపు శిలీంధ్రమునకు 2020లో జపాను పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని నామకరణము చేసిరి. ఆ పేరులో మన దేశము పేరే ఇమిడియున్నది. 2023లో న్యూయార్కులోని వైద్యులు ఆ శిలీంధ్రమును తమ రోగులలో కనుగొని ప్రకటించిరి. దీని పుట్టుకకు కారణములు పలువిధములు కావచ్చును గాని, స్టెరాయిడు మిశ్రమముల విచ్చలవిడి వాడకమును చర్మవైద్యులు వాటిలో ముందు చెప్పుదురు.

ఇక మలామైననేమి, క్రీమైననేమి యను మాట. దీనిని ఖండించుటకు నేను పాశ్చాత్యశాస్త్రము వద్దకు పోనక్కరలేదు. సుశ్రుతుడు సూత్రస్థానమున పదునెనిమిదవ అధ్యాయమును పూతలకును కట్లకును కేటాయించి, పూతలను ప్రలేపము, ప్రదేహము, ఆలేపము అని మూడుగా విభజించి, పలుచనిది ఏది, చిక్కనిది ఏది, చల్లగా పూయవలసినది ఏది, వెచ్చగా పూయవలసినది ఏది యని విడదీసి చెప్పెను. పూత మందము తడిసిన ఎనుము తోలంత యుండవలెననియు, వెండ్రుకలు వాలిన దిక్కునకు ఎదురుగా పూయవలెననియు చెప్పెను. ఏ ఓషధి యన్న ప్రశ్నతో సమానముగా ఏ రూపమున, ఎంత మందమున, ఎట్లు అన్న ప్రశ్నలను ఆ మహానుభావుడు గౌరవించెను. రెండువేల యేండ్లకు పైబడిన విద్యను మనము ట్యూబు మూతతో పాటు పారవేసితిమి.

మలాము, వ్యాజలిన్ వంటి జిడ్డు ప్రధానముగా గలది, చర్మమును కప్పి తేమను లోపల బంధించును. అందుచేత ఎండి, బెరడు కట్టి, పగిలిన చర్మమునకు అది తల్లివంటిది. క్రీములో నూనెతో పాటు నీరు కలిసియుండును. నీరు ఆవిరియగునప్పుడు చల్లదనమిచ్చును, తేలికగా ఇంకును. లోషన్, జెల్ వెండ్రుకలున్న తలమీదను, రొమ్ముమీదను జిడ్డు పేరుకొనకుండ పనిచేయును. రసి కారుచున్న చర్మముమీద మలాము రాయుట పొంగుచున్న కుండమీద మూత బిగించుట. రసి లోపలనే నిలిచి, ఉక్కకు పాచి, చీము పట్టును. పొడిచర్మముమీద ఆల్కహాలు కలిసిన జెల్ రాసినచో మంటతో ఇంకను పగులును. రసి మీద పౌడరు చల్లినచో గడ్డకట్టి చర్మమును ఒరయును. ఈ భేదము సౌకర్యమునకు సంబంధించినది మాత్రమే యనుకొందురేమో, అదియును కాదు. మొమెటసోన్ అను స్టెరాయిడు 0.1 శాతము బలముతోనే మలాముగాను, క్రీముగాను దొరకును. వైద్యశాస్త్రము స్టెరాయిడులను తీక్ష్ణతను బట్టి ఏడు తరగతులుగా విభజించినపుడు ఆ మలాము రెండవ తరగతిలోను, ఆ క్రీము నాలుగవ తరగతిలోను చేరినవి. మందు అదే, పాలు అదే. మోసుకొనిపోవు వాహకము మారగానే బలము రెండు మెట్లు మారినది. అట్టి వాహకమును పైడబ్బా యని తీసివేయువారు మందులో సగమును చూడలేదన్నమాట.

ఈ తడిపొడుల వివేకము ఎంత అవసరమో పలాస చూపినంత స్పష్టముగా ఇంకొక ఊరు చూపదు. పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీయు పనిమీద బ్రతుకు స్త్రీలు అసంఖ్యాకులు. జీడిపిక్క పెంకులోని నల్లని రసము, అనకార్డిక్ ఆమ్లము, కార్డాల్ కలిసిన దాహకద్రవము, చర్మమునకు తగిలినచోట కాల్చును. అందుకే వారు చేతులకు ఆముదమో బూడిదో పూసికొని పనికి కూర్చుందురు. నాతో మాటాడిన యొక నడివయసు స్త్రీ అరచేతులు చాపినపుడు, బొటనవ్రేలి కొన నల్లబారి, చర్మము పొరలు పొరలుగా లేచి, వ్రేళ్ళ మడతలలో సన్నని పగుళ్ళు నెత్తుటి గీతలవలె నుండెను. మణికట్టు లోపలి భాగమున మాత్రము నిన్ననో మొన్ననో పడిన కొత్త రసపు మచ్చ చిన్నచిన్న నీటిపొక్కులతో తడితడిగా మెరయుచుండెను. ఆమె ఈ రెండుచోట్లకు ఒకే ట్యూబు రాయుచుండెను. "అరిసేతికి పనిసేత్తాది గాని, ఈ సోట మండిపోతాది బావూ, ఎందుకో మరి" అనెను. ఎందుకో చెప్పుటకే ఈ వ్యాసము. మణికట్టుమీది తడిపొక్కునకు ముందు కావలసినది లేత గులాబివన్నె వచ్చునంత పలుచగా కలిపిన పొటాషియం పర్మాంగనేటు నీటిలో తడిపిన గుడ్డ, పావుగంట చొప్పున దినమునకు రెండుమూడు మారులు. రసి ఆరిన తరువాతనే క్రీము. అరచేతి పగుళ్ళకు కావలసినది రాత్రి పడుకొనబోవు ముందు దట్టముగా పట్టించిన మలాము, దానిమీద పాత నూలుగుడ్డ. ఒకే స్త్రీ, ఒకే చేయి, ఒకే కారణము. జానెడు దూరములో రెండు చికిత్సలు. ఈ రెండింటికిని ముందు, జీడిరసము ఆ చేతికి తగులకుండ చేతితొడుగు సమకూర్చుట. ఆ పని ట్యూబు చేయజాలదు, యజమాని చేయవలసినది. ఈ మాట నేను కోపముతోనే వ్రాయుచున్నాను.

శరీరమంతయు ఒకే చర్మమను నమ్మకము మరియొక భ్రమ. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అను పరిశోధకులు ఒకే మోతాదు హైడ్రోకార్టిసోనును దేహమున పలుచోట్ల పూసి ఎంత లోనికి ఇంకునో కొలిచిరి. ముంజేతి లోపలివైపు ఇంకినదానిని ఒకటిగా లెక్కించినచో, అరికాలిలో దానిలో ఏడవవంతు మాత్రమే ఇంకినది. నుదుట ఆరు రెట్లు, దవడ మూలలో పదమూడు రెట్లు, వృషణముల చర్మమున నలువదిరెండు రెట్లు ఇంకినది. ఈ అంకెలను మరల చదువుడని పాఠకులను కోరుచున్నాను. మన ప్రాంతపు ఉక్కలో, పంచెయో లంగాయో బిగించిన నడుమున, గజ్జలలో, తామర ఎక్కువగా పుట్టునది ఏ చోట? పెండ్లికి ముందు తెల్లబడుటకని పడుచుపిల్లలు ట్యూబు రాచుకొనునది ఏ చోట? మందు అత్యధికముగా ఇంకు చోటులనే మనవారు అత్యంత తీక్ష్ణమైన మందునకు అప్పగించుచున్నారు. ముఖమున అట్లు రాచుకొన్న పిల్లలకు మొదట నిగ్గు వచ్చును; నెలలు గడచిన తరువాత రక్తనాళములు దారములవలె తేలి, మొటిమలు లేచి, మానగానే ముఖము మంటలెత్తి, మానలేక కొనసాగింపలేక పడు దురవస్థ కలుగును. పసిబిడ్డకు గోచీగుడ్డ క్రింద రాసినచో ఆ గుడ్డయే మూతయై మందును ఇంకను లోనికి దించును. కనురెప్పల చుట్టు అలవాటుగా రాసినచో కంటిలోపలి ఒత్తిడి పెరిగి చూపునకే ముప్పు రావచ్చును.

ఎంత రాయవలెనన్న విషయమున జనుల లెక్క సరిగా తలక్రిందులుగా నున్నది. స్టెరాయిడును అవసరమునకు మించి రాయుదురు. తామరమందును పొదుపుగా చుక్క చుక్కగా రాయుదురు. చూపుడువ్రేలి కొననుండి మొదటి కణుపువరకు ట్యూబునుండి పిండిన తీగ సుమారు అర గ్రాము. అది వ్రేళ్ళతో సహా రెండు అరచేతులంత చోటునకు సరిపోవును. ఒక కాలు నిండుగా పూయుటకు అట్టివి ఆరు కావలెను, అనగా మూడు గ్రాములు. దినమునకు రెండు మారులు రాయవలసిన తామరమందు 15 గ్రాముల ట్యూబు కాలికంతటికి రెండున్నర దినములకు మించి రాదు. మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర, మచ్చ కనుమరుగైన పిమ్మట రెండు వారములు రాయవలెనని వైద్యులు చెప్పుదురు. ఇంటిలో నలుగురు ఒక్క ట్యూబుతో సర్దుకొని 'మందు పనిచేయలేదు' అనుట మందును నిందించుట కాదు, లెక్కను నిందించుట. గజ్జి విషయమున తప్పు వేరు: గోకుకొను బిడ్డకు మాత్రమే రాసి, అదే చాపమీద పడుకొను తల్లిని, అన్నను, అమ్మమ్మను విడిచిపెట్టుదురు. గజ్జిమందు ఇల్లంతయు ఒకే రాత్రి మెడనుండి అరికాళ్ళవరకు రాచుకొని, వారము తరువాత మరల రాచుకొని, పక్కబట్టలను వేడినీట నుతికి ఎండవేయవలసినది.

దురదనే గురువుగా నమ్మినవానికి దురద లేని వ్యాధి కనబడనే కనబడదు. ఈ అభిప్రాయముయొక్క అతి ఘోరమైన ఫలమిది. వీపుమీదనో తొడమీదనో పాలిపోయిన మచ్చ. దురద లేదు, నొప్పి లేదు, అక్కడ చెమట పట్టదు. శోభిమచ్చ యని ఇంటిలోని ట్యూబు రాయుదురు. దూదికొన తాకించినను తెలియని మచ్చ యైనచో అది కుష్ఠువ్యాధి కావచ్చును. 2005 డిసెంబరునాటికి మన దేశమున కుష్ఠు ప్రజారోగ్యసమస్యగా తొలగినదని ప్రకటించిరి; పదివేలమందికి ఒక్కరికంటె తక్కువ యన్నదే దాని అర్థము, ఒక్కరును లేరని కాదు. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఎన్ని దశాబ్దములుగా ఆ రోగులకు అండయై నిలిచినదో ఈ ప్రాంతపువారికి తెలియును. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన బహుళౌషధచికిత్స ఉచితముగా దొరకును, రోగము పూర్తిగా నయమగును. కాని నరము చచ్చి వ్రేలు వంకర తిరిగిన పిమ్మట ఆ వ్రేలు తిరిగి చక్కబడుట దుర్లభము. ట్యూబులతో గడపిన నెలలు ఆ నరముయొక్క నెలలు.

'ట్యూబులు వద్దు, మన పెద్దల వైద్యమే చాలు' అనువారికి కూడ ఒక మాట. వేపాకు, పసుపు, కొబ్బరినూనె వీటికి నేను నమస్కరింతును. పొడిచర్మమునకు కొబ్బరినూనె నిజముగా మేలు చేయును. కాని చెట్టునుండి వచ్చినదెల్ల సాధువనుట పలాస స్త్రీల చేతులను చూడనివారి మాట. చాకళ్ళు బట్టలమీద గుర్తుపెట్టు నల్లజీడి చెట్టునుండి రాలేదా? ఆ గుర్తు తగిలిన మెడమీద పొక్కులు లేచుట మన పెద్దలే ఎరుగుదురు. దానిని మచ్చలమీద పట్టించు నాటువైద్యము కాల్చిన మచ్చను మిగుల్చును.

కడపట వచ్చునది పేదరికపు వాదము. నేను గౌరవించునది యీ ఒక్కదానినే. సీతంపేట కొండమీదినుండి దిగవలసినవానికి చర్మవైద్యుడనగా ఒకనాటి కూలి, బస్సు ఛార్జీ, చీటీకై నిలుచుండుట. వానిని 'ట్యూబు కొనవద్దు' అని మందలించుట సులభము. అయితే లెక్క వేయుడు. పదునైదు దినములకొక ట్యూబు చొప్పున ఏడాదికి ఇరువదినాలుగు ట్యూబులు కొనుచు రోగమును పెంచుకొనువాడు చవుకదారిని పోవుచున్నాడా? శ్రీకాకుళములో మునుపు రిమ్స్ అని పిలిచిన ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రి కలదు. విజయనగరమున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల తెరచిరి. విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రి తరతరములుగా ఉత్తరాంధ్రకు పెద్దదిక్కు. అక్కడివరకు పోలేనివానికి సయితము చవుకయై హానిలేని దారులున్నవి: బెంజోయిక్, సాలిసిలిక్ ఆమ్లములతో చేసిన విట్‌ఫీల్డ్ మలాము తీగెలవలె ప్రాకుచున్న పాత తామరకు వంద యేండ్లుగా పనిచేయుచున్నది, క్లోట్రిమజోల్ ఒక్కటియే గల క్రీము మిశ్రమపు ట్యూబుకంటె ఎక్కువ ధర కాదు, ఊడ్పుల కాలమున బురదలో నానిన కాలివ్రేళ్ళ సందులకు అన్నిటికంటె ముందు కావలసినది ఇంటికి వచ్చి కడిగి, పొడిగుడ్డతో తుడిచి, గాలికి ఆరనిచ్చుట. పేదవానికి తెలివి వలదు, ట్యూబు చాలునన్న మాట పేదవానిమీద జాలివలె వినబడును గాని, అతని చర్మమును అతని అజ్ఞానమునకు తాకట్టు పెట్టుటయే యగును.

పూతమందు ఎన్నువాడు మొదట రోగమేదో తెలిసికొనవలెను. పిదప ఆ చోట చర్మము తడియా, పొడియా, పలుచనా, మందమా, వెండ్రుకలున్నవా యని చూడవలెను. ఆ తరువాతనే బలమును, రూపమును, మోతాదును, ఎన్ని దినములన్నది నిర్ణయింపవలెను. ఈ వరుసను తలక్రిందు చేసి 'ట్యూబు'తో మొదలుపెట్టు అలవాటును వైద్యులు కొందరు, ఊళ్ళలోని ఆరెంపీలు పెక్కుమంది, షాపులవారు దాదాపు అందరు పోషించుచున్నారు. ఏ షాపు అరుగుమీద నేను మిల్లు పెద్దమనిషితో మాటాడితినో ఆ షాపు యజమాని మాత్రము, అతని నడుమును కన్నులార చూచిన తరువాత, కొన్నాళ్ళకు వేరొక రీతిని అలవరచుకొనెను. ట్యూబు అడిగినవానిని 'ఎక్కడ?' అని, 'తడిగా ఉన్నాదా, పొడిగా ఉన్నాదా?' అని, 'ఎన్నాళ్ళ నుంచి?' అని అడుగసాగెను. జవాబు నచ్చనిచో ఆసుపత్రికి పొమ్మని పంపసాగెను. మొన్న నేను కూర్చుండియుండగా ఒక యువకుడు గెడ్డముక్రింది మచ్చ చూపి ట్యూబు అడిగెను, ఆ మూడు ప్రశ్నలు విని, "ఏటండీ, మందు ఉన్నాదా లేదా?" అని విసుగుకొనెను. 'చీటీ తెండి, ఇస్తాను' అని యజమాని అనెను. యువకుడు డబ్బులు జేబులో వేసికొని, పది అడుగుల దూరములో నున్న ఇంకొక షాపునకు పోయి, ఒక్క నిమిషములో చిన్న కాగితపు సంచితో వెలికివచ్చెను.